ఎగుమతి లైసెన్సులో లేని గడి

కొన్నేళ్లుగా పత్రికల బిజినెస్ పేజీల్లో ‘ఎగుమతి నియంత్రణ’ అనే మాట తరచూ కనిపిస్తోంది. 2022 అక్టోబరు 7న అమెరికా వాణిజ్య శాఖ అత్యాధునిక చిప్‌లు, వాటిని తయారుచేసే యంత్రాలు చైనాకు వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది. 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వం దిగిపోతూ ప్రపంచ దేశాలన్నిటినీ మూడు వరసల్లో నిలబెట్టి, ఏఐ చిప్‌లు ఎవరికి ఎన్ని అమ్మాలో లెక్క రాసింది. ఇండియాను రెండో వరసలో పెట్టింది. మే నెలలో ట్రంప్ ప్రభుత్వం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. ఈ మధ్యలో మన టీవీ చర్చల్లో ‘మనల్ని రెండో వరసలో కూర్చోబెడతారా’ అని చాలామందికి రోషం వచ్చింది. వెనక వరసలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో తరతరాలుగా తెలిసినవాళ్లం కాబట్టి ఆ రోషం చూసి మేం కొంచెం నవ్వుకున్నాం కూడా.

అయితే చిప్‌ల కన్నా ముందే, ఇదే రకం చట్టాల కింద, ఇదే దేశభద్రత పేరుతో లైసెన్సు పొందిన ఇంకో సరుకు మన ఉద్యమాల గడప దాటి లోపలికొచ్చింది. దాని పేరు పెగాసస్. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ కంపెనీ తయారుచేసిన ఈ స్పైవేర్ ఫోన్‌లో చేరిందంటే మన మెసేజ్‌లు, ఫోటోలు, మనం ఉన్న చోటు అన్నీ అవతలివాడి చేతికి పోతాయి. మనకు తెలియకుండానే మైకు, కెమెరా ఆన్ అవుతాయి. ఇజ్రాయెల్ దీన్ని ఆయుధాల ఎగుమతుల చట్టం కిందే నియంత్రిస్తుంది. రక్షణ శాఖ అనుమతి లేనిదే ఇది దేశం దాటకూడదు. ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ అమ్మమని కంపెనీ మొదటినుంచీ చెబుతోంది. ఆ మాటే నిజమైతే, పెగాసస్ ఎక్కడ దొరికినా ఒక ప్రభుత్వం సంతకం చేసి పంపిందనీ, ఇంకో ప్రభుత్వం సంతకం చేసి పుచ్చుకుందనీ అర్థం. ఈ రెండు సంతకాల మధ్య, ఆ ఫోను పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడన్నదే మా ప్రశ్న.

మన ఫోన్ల దాకా వచ్చిన దారి

2019 అక్టోబరు 29న వాట్సాప్ కాలిఫోర్నియా కోర్టులో ఎన్‌ఎస్‌ఓ మీద దావా వేసింది. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో వాట్సాప్ కాల్ ద్వారా దాదాపు 1,400 ఫోన్లను లక్ష్యం చేసుకున్నారని ఆరోపించింది. కాల్ ఎత్తకపోయినా దాడి సాగేది. మన దేశంలో వాట్సాప్ నుంచి హెచ్చరిక అందుకున్నవాళ్లు ఎవరో గుర్తుచేసుకుందాం. ఆనంద్ తేల్‌తుంబ్డే ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో దళిత, ఆదివాసీ హక్కుల కోసం పనిచేసే డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఉన్నారు. భీమా కోరేగావ్ కేసులో నాగపూర్ దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ తరఫున నిలబడ్డ లాయరు ఉన్నారు. అదే దావాలో 2025 ఏప్రిల్‌లో బయటపడ్డ ఒక కోర్టు పత్రం 51 దేశాల్లో 1,223 మందిని లెక్కించింది. మెక్సికోలో 456 మంది, ఆ తర్వాతి స్థానంలో ఇండియా, 100 మంది.

2021 జులై 18న ‘పెగాసస్ ప్రాజెక్టు’ పేరుతో 17 మీడియా సంస్థలు కలిసి 50,000 నంబర్ల జాబితా గురించి రాశాయి. జాబితాలో నంబరు ఉన్నంత మాత్రాన ఆ ఫోన్‌లో స్పైవేర్ చేరిందని రుజువు కాదు. ఎవరి మీద కన్ను పడిందో చెప్పే ఆనవాలు మాత్రం అది. అందులో భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన పలువురి నంబర్లు, వాళ్ల కుటుంబ సభ్యుల, న్యాయవాదుల నంబర్లు ఉన్నాయి. అఖిల భారత అంబేడ్కర్ మహాసభ నాయకుడు అశోక్ భారతి నంబరు ఉంది. ఆ వార్త రావడానికి 13 రోజుల ముందే, జులై 5న, అదే కేసులో ఖైదీగా ఉన్న స్టాన్ స్వామి ముంబయి ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఇండియా 2017లో ఇజ్రాయెల్‌తో కుదుర్చుకున్న దాదాపు 200 కోట్ల డాలర్ల ఆయుధాల ఒప్పందంలో పెగాసస్ కూడా భాగమని 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కొన్నామని కేంద్రం చెప్పలేదు, కొనలేదని సూటిగా అఫిడవిట్‌లోనూ చెప్పలేదు. దేశభద్రత అంది. 2021 అక్టోబరు 27న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్‌.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, దేశభద్రత అన్నంత మాత్రాన కోర్టు కళ్లు మూసుకోదని చెప్పి, జస్టిస్ ఆర్‌.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో కమిటీ వేసింది. పరిశీలనకు వచ్చిన 29 ఫోన్లలో ఐదింట ఏదో మాల్‌వేర్ ఉందనీ, అది పెగాససే అని తేల్చలేకపోయామనీ ఆ కమిటీ చెప్పింది. కేంద్రం సహకరించలేదని కూడా చెప్పింది. 2025 ఏప్రిల్ 29న అదే సుప్రీంకోర్టులో జస్టిస్ సూర్యకాంత్ ధర్మాసనం, దేశం దగ్గర స్పైవేర్ ఉంటే తప్పేముందని అడుగుతూనే, అది ఎవరి మీద వాడారన్నదే ప్రశ్న అని వ్యాఖ్యానించింది.

ఎవరి మీద? ఈ దేశంలో ఆ ప్రశ్నకు జవాబు కొత్తగా వెతకనక్కర్లేదు. 1871లో తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురంలో కట్టడి చేశారు. పేరు నమోదు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. చట్టం 1952లో పోయింది, పోలీస్ స్టేషన్లలో హిస్టరీ షీట్లు పోలేదు. వెనకబడిన వర్గాల, ఎస్సీ, ఎస్టీల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఆ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న సంగతిని 2024 మేలో సుప్రీంకోర్టు స్వయంగా ప్రస్తావించి, రాష్ట్రాలు ఆ పద్ధతిని సమీక్షించాలంది. అంటే నిఘా మనకు పాత చుట్టమే. విదేశం నుంచి లైసెన్సు మీద రావడమే కొత్త.

ఆ లైసెన్సు ఎలా పుడుతుంది

ఎగుమతి నియంత్రణలు రాజ్యాల మధ్య అపనమ్మకం నుంచి పుట్టాయి. సోవియట్ కూటమికి సాంకేతికత చేరకుండా అమెరికా, దాని మిత్ర దేశాలు 1949లో కోకామ్ అనే కమిటీ పెట్టుకున్నాయి. 1974లో ఇండియా పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిపాక, అణు సరఫరా దేశాల గ్రూపు పుట్టింది. 1994లో కోకామ్ రద్దయ్యాక 1996లో వాసెనార్ ఒప్పందం వచ్చింది. ఆయుధాలతో పాటు, పౌర అవసరాలకూ సైనిక అవసరాలకూ పనికొచ్చే ద్వంద్వ వినియోగ వస్తువుల జాబితా ఒకటి ఇది తయారుచేస్తుంది. సభ్యదేశాలు ఆ జాబితాను తమ చట్టాల్లో చేర్చుకుంటాయి. ఏ లైసెన్సు ఇవ్వాలి, ఏది తిప్పికొట్టాలన్నది మాత్రం ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది.

అరబ్ దేశాల్లో ఉద్యమకారుల మీద యూరప్ కంపెనీల నిఘా పరికరాలు వాడారని బయటపడ్డాక, 2013 డిసెంబరులో చొరబాటు సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన వస్తువులనూ ఆ జాబితాలో చేర్చారు. ఇండియా 2017 డిసెంబరులో 42వ సభ్యదేశంగా చేరింది. ఆ రోజు మన పత్రికలు దాన్ని దౌత్య విజయంగా రాశాయి. న్యూయార్క్ టైమ్స్ కథనం నిజమైతే, చొరబాటు సాఫ్ట్‌వేర్‌ను అదుపు చేస్తామని ఇండియా మాటిచ్చిన ఏడాదీ, దాన్ని కొన్న ఏడాదీ ఒకటే.

ఇజ్రాయెల్ వాసెనార్ సభ్యదేశం కాదు, కానీ ఆ జాబితాలను తన చట్టంలో పాటిస్తుంది. 2007 నాటి రక్షణ ఎగుమతుల నియంత్రణ చట్టం ప్రకారం కంపెనీ ముందు బేరం మాట్లాడటానికి అనుమతి తీసుకోవాలి, తర్వాత సరుకు పంపడానికి ఇంకో అనుమతి. కొనే ప్రభుత్వం ‘అంతిమ వినియోగదారు ధ్రువపత్రం’ మీద సంతకం చేయాలి. మొత్తం వ్యవస్థ నిలబడేది ఈ కాగితం మీదే. సరుకు చివరికి ఎవరి చేతిలో ఉంటుంది, ఎందుకు వాడతారు, ఇంకొకరికి అమ్ముతారా అన్న ప్రశ్నలు ఇందులో ఉంటాయి. అంతిమ వినియోగదారు అంటే కొన్న ప్రభుత్వం. ఆ సరుకు ఎవరి మీద పనిచేస్తుందో ఆ మనిషికి ఈ కాగితంలో గడి లేదు.

పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది తెలిసిన ఏర్పాటే. వాడ గురించి చావడిలో తీర్మానం చేసేటప్పుడు వాడ మనిషికి పిలుపు ఉండదు. తీర్మానం అయ్యాక దాన్ని ఊరంతా వినేలా దండోరా వేయడానికి మాత్రం వాడనుంచే మనిషి కావాలి.

తీవ్రవాదం ఎవరి నిఘంటువులో

పెగాసస్ ప్రాజెక్టు గొడవ తర్వాత ఈ కాగితం కొంత మారింది. 2021 డిసెంబరులో ఇజ్రాయెల్ రక్షణ శాఖ ధ్రువపత్రాన్ని సవరించింది. కొనే దేశం దీన్ని తీవ్రవాదం, తీవ్ర నేరాల నివారణకే వాడతానని రాసివ్వాలి. అభిప్రాయం చెప్పడం, విమర్శించడం వాటికవే తీవ్రవాదం కావని కూడా అందులో చేర్చారు. చదవడానికి బాగుంది. కానీ ఆ మాట నిలబెట్టుకున్నామో లేదో చెప్పేది కొన్న ప్రభుత్వమే. మన దగ్గర ఉపా చట్టం ఉంది. 2019 సవరణతో సంస్థ అక్కర్లేకుండా ఒక్క మనిషిని కూడా తీవ్రవాదిగా ప్రకటించే అధికారం కేంద్రానికి వచ్చింది. 1818 నాటి కోరేగావ్ యుద్ధానికి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా దళితులు గుమిగూడిన చోట 2018 జనవరి 1న హింస జరిగితే, దాని నుంచి మొదలైన దర్యాప్తు చివరికి 16 మంది రచయితల, న్యాయవాదుల, అధ్యాపకుల, కళాకారుల మీద ఉపా కేసుగా మారింది. తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడే, లొంగిపోవాల్సి వచ్చింది. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, బెయిలు మీద బయటికొచ్చారు. ఆయన మీద తీవ్రవాద ఆరోపణలను నమ్మదగ్గ ఆధారం ప్రాథమికంగా కనిపించడం లేదని బెయిలు ఇస్తూ బాంబే హైకోర్టు భావించింది. రెండున్నరేళ్ల జైలు మాత్రం తిరిగి రాదు.

2018 ఆగస్టు 28న ఇదే కేసులో హైదరాబాద్‌లో వరవరరావును అదుపులోకి తీసుకున్నారు. ఇఫ్లూలో దళిత సాహిత్యం మీద పనిచేసే ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంట్లోనూ సోదా చేశారు. దేవుళ్ల ఫోటోలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ ఫోటోలు ఎందుకున్నాయని పోలీసులు తనను అడిగారని ఆయన మీడియాకు చెప్పారు. ఈ ప్రశ్న అడిగే వ్యవస్థ చేతిలో ధ్రువపత్రం పెట్టి, తీవ్రవాదానికి మాత్రమే వాడతానని రాసివ్వమంటే, అది సందేహించకుండా రాసిస్తుంది.

నియంత్రణలు ఎప్పుడు కరుస్తాయి

ఎగుమతి నియంత్రణలు ఉత్త కాగితాలేనని మేం అనడం లేదు. 2021 నవంబరులో అమెరికా వాణిజ్య శాఖ ఎన్‌ఎస్‌ఓను, ఇంకో ఇజ్రాయెల్ స్పైవేర్ కంపెనీ కాండిరును ‘ఎంటిటీ లిస్టు’లో పెట్టింది. జర్నలిస్టులు, ఉద్యమకారులు, అధికారులు, రాయబార కార్యాలయాల ఉద్యోగుల మీద వాడేందుకు విదేశీ ప్రభుత్వాలకు సాధనాలు అందించారన్నది కారణం. ఆ దెబ్బకు కంపెనీ ఆర్థికంగా కుదేలైంది. అదే నెలలో ఇజ్రాయెల్ సైబర్ ఎగుమతులకు అర్హమైన దేశాల జాబితాను 102 నుంచి 37కు కుదించిందని అక్కడి పత్రిక కాల్కలిస్ట్ రాసింది. ఆ పత్రిక కథనం ప్రకారం కుదించిన జాబితాలోనూ ఇండియా మిగిలింది. నియంత్రించాలనుకుంటే నియంత్రించగలరని దీంతో తేలిపోయింది.

కొన్ని వారాలకే ఉగాండాలో పనిచేసే అమెరికా విదేశాంగ ఉద్యోగుల ఫోన్లలోనూ ఎన్‌ఎస్‌ఓ స్పైవేర్ దొరికిందని వార్తలొచ్చాయి. బలమైన రాజ్యానికి తన మనుషులు గాయపడినప్పుడు వచ్చే కోపం వేరు. అది చట్టమై దిగుతుంది. వాట్సాప్ దావా సంగతీ అంతే. 2025 మేలో జ్యూరీ దాదాపు 16.8 కోట్ల డాలర్లు చెల్లించాలంది. అక్టోబరులో న్యాయమూర్తి దాన్ని సుమారు 40 లక్షల డాలర్లకు తగ్గించి, వాట్సాప్ జోలికి పోకుండా ఎన్‌ఎస్‌ఓ మీద శాశ్వత నిషేధం పెట్టారు. మంచి తీర్పే. కానీ ఆ కేసులో నష్టపోయిన పక్షం కంపెనీ సర్వర్లు. ఆ 1,223 మంది అందులో కక్షిదారులు కారు. అదే నెలలో అమెరికన్ పెట్టుబడిదారుల బృందం తనలో పట్టు సంపాదించిందని ఎన్‌ఎస్‌ఓయే ధ్రువీకరించింది. నిన్న నల్లజాబితాలో పెట్టిన దేశంలోనే ఇవాళ దానికి యజమానులు దొరికారు.

లైసెన్సుకు అందని సరుకూ ఉంది. భీమా కోరేగావ్ కేసులో డిఫెన్సు తరఫున పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, 2021 ఫిబ్రవరిలో తన నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన సందేశం ద్వారా రోనా విల్సన్ కంప్యూటర్లోకి మాల్‌వేర్ చేరిందనీ, తర్వాత సాక్ష్యాలుగా చూపిన ఉత్తరాలు దాని ద్వారానే అందులో పెట్టారనీ అది చెప్పింది. ఈ నివేదికతో ఎన్‌ఐఏ ఏకీభవించలేదు. అందులో చెప్పిన మాల్‌వేర్ పేరు నెట్‌వైర్. అది ఇంటర్నెట్‌లో బాహాటంగా అమ్మిన చవక సరుకు. 2023 మార్చిలో పోలీసులు ఆ వెబ్‌సైటును స్వాధీనం చేసుకునేదాకా ఎవరైనా కొనుక్కోగలిగారు. ఖరీదైన ఆయుధానికి తాళం వేసి, చవక కత్తిని సంతలో పెట్టినట్టుంది ఇది. కాబట్టి అమ్మేచోట నియంత్రణ ఒక్కటే మనల్ని కాపాడదు. కొనేచోట, వాడేచోట కూడా కావాలి.

మన రాష్ట్రాలు, మన ఫ్యాక్టరీలు

కొనేది ఢిల్లీ ఒక్కటే కాదు. 2022 మార్చిలో, పెగాసస్‌ను చంద్రబాబు హయాంలో ఆంధ్రప్రదేశ్ తీసుకుందని మమతా బెనర్జీ అన్నప్పుడు నారా లోకేశ్ ఖండించారు. తమ దగ్గరికి అమ్మకానికి వచ్చిన మాట నిజమే కానీ తీసుకోలేదన్నారు. అసెంబ్లీ భూమన కరుణాకర రెడ్డి అధ్యక్షతన సభాసంఘం వేసింది. అధికార పక్షం, ప్రతిపక్షం ఒకరినొకరు తిట్టుకోవడంలోనే అది గడిచింది. స్పైవేర్ బేరగాళ్లు నేరుగా రాష్ట్ర ప్రభుత్వాల గుమ్మం ఎక్కుతున్నారన్న అసలు సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

తెలంగాణలో 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో మొదలైన ఫోన్ ట్యాపింగ్ కేసు ఇంకో పాఠం. మావోయిస్టుల సమాచారం కోసం పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో, రాజకీయ నాయకుల, ఇతరుల నంబర్లను మావోయిస్టు సానుభూతిపరుల పేరు మీద చూపి విన్నారన్నది దర్యాప్తు అధికారుల ఆరోపణ. అది కోర్టుల్లో తేలాలి. మనకు కనబడేది ఒకటుంది. ఆ ముద్ర వేస్తే చాలు, పైన కూర్చున్నవాళ్లు ఇంకేం అడగరని అందరికీ తెలుసు. పెద్దవాళ్ల నంబర్లు ఆ ముద్ర కింద దొరికాయి కాబట్టి రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ఏళ్ల తరబడి ఆ ముద్ర కిందే బతుకుతున్న దళిత, ఆదివాసీ కార్యకర్తల నంబర్ల గురించి ఎవరూ లెక్క అడగలేదు.

ఇండియా ఇప్పుడు అమ్మే దేశం కూడా. మన ఎగుమతి నియంత్రణ జాబితాను స్కోమెట్ అంటారు. 2018 డిసెంబరులో హైదరాబాద్‌లో అదానీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కలిసి డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచాయి. అక్కడ తయారైన 20కి పైగా హెర్మీస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో వార్తలొచ్చాయి. గాజాలో జనం చస్తుంటే ఈ లైసెన్సులు ఆపాలని వేసిన పిటిషన్‌ను, విదేశాంగ విధానంలో తలదూర్చలేమంటూ 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఫోన్ల మీద పడ్డ సరుకుకు టెల్ అవీవ్‌లో ఎవరూ మన గురించి అడగలేదని బాధపడే మనం, మన ఊళ్లో తయారైన సరుకు ఎవరి ఇంటి మీద ఎగురుతుందో అడగకపోతే ఆ బాధకు విలువ లేదు.

మనం ఏం అడగాలి

మొదటిది, కొనుగోళ్ల లెక్క. ఏ సంస్థ ఏ నిఘా సాధనం కొన్నదో కనీసం పార్లమెంటు కమిటీ ముందు, శాసనసభల ముందు పెట్టాలి. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ నిఘా సంస్థలను మినహాయించింది. అయితే అదే సెక్షన్ అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదని కూడా చెబుతుంది. ఆ వాక్యాన్ని వాడుకుంటూ దరఖాస్తులు వేయడం విద్యార్థి సంఘాలు రేపే మొదలుపెట్టగల పని.

రెండోది, న్యాయమూర్తి అనుమతి. ఇవాళ ఫోన్ వినడానికి అనుమతించేది హోం కార్యదర్శి, దాన్ని సమీక్షించేది అధికారుల కమిటీ. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన ఏర్పాటు ఇది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టాక కూడా అలాగే ఉంది. పైగా ఐటీ చట్టం 69వ సెక్షన్ సమాచారాన్ని అడ్డగించి వినే అధికారం ఇచ్చింది కానీ, ఫోన్‌లో మాల్‌వేర్ నాటే అధికారం ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు. నిఘా ముగిశాక సంబంధిత మనిషికి తెలియజేయాలన్న నియమం కూడా కావాలి. తెలియని గాయం మీద ఎవరూ కోర్టుకు వెళ్లలేరు.

మూడోది, అమ్మే దేశాల్లో మన గొంతు. యూరోపియన్ యూనియన్ 2021 ద్వంద్వ వినియోగ నిబంధన, జాబితాలో లేని నిఘా సాధనాలనైనా అణచివేతకు, మానవ హక్కుల ఉల్లంఘనకు వాడే ప్రమాదం ఉంటే లైసెన్సు కిందికి తెచ్చే వీలు కల్పించింది. ఆ ప్రమాదాన్ని చూపే ఆధారాలు అక్కడి అధికారుల బల్ల మీదికి ఎవరో ఒకరు చేర్చాలి. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించేలా చేయడంలో విదేశాల్లోని అంబేడ్కరైట్లు చూపిన పట్టుదల మనకు తెలుసు. మన తెలుగువాళ్లు వేలాదిగా ఉన్న ఆ దేశాల్లో, కులం గురించి నేర్పిన ఆ పాఠాన్నే ఎగుమతి లైసెన్సుల కార్యాలయాలకూ నేర్పాలి.

నాలుగోది, స్కోమెట్ లైసెన్సు ఇచ్చేటప్పుడు మానవ హక్కుల పరిశీలనను చట్టంలో తప్పనిసరి చేయాలి. మనకు కావాలన్న న్యాయం మన నుంచి కూడా మొదలవ్వాలి.

దేశభద్రత అన్న మాట విన్నప్పుడల్లా మేం ఒక్కటే అడుగుతాం. దేశంలో వాడ కూడా ఉందా? ఉంటే, వాడలో మనిషి ఫోను భద్రంగా ఉండటం కూడా దేశభద్రతే. ఆ లైసెన్సు కాగితంలో ఒక గడి ఎక్కువ గీయండి. అందులో ఏం రాయాలో మేం చెబుతాం.

జై భీమ్.